ఆస్తమా ఉన్న పిల్లల పళ్లు అరిగిపోతున్నాయా? ఇన్‌హేలర్ ఆపకండి, ముందు ఇవి చూడండి

మా బాబుకి ఏడేళ్లు. మూడేళ్లప్పటి నుంచి ఆస్తమా ఉంది. ఒకరోజు ఐస్‌క్రీం నోట్లో పెట్టుకోగానే "అమ్మా, పళ్లు జివ్వుమంటున్నాయి" అని చెంప పట్టుకున్నాడు. ఫోన్ టార్చి వేసి చూశాను. కింది దవడ పళ్ల మీద ఆవగింజంత గుంటలు, వాటి అడుగున పసుపు. పుచ్చు అనుకున్నాను. డెంటిస్టు చూసి, పుచ్చు కాదు, పులుపుకి ఎనామిల్ (పన్ను పైనుండే గట్టి పొర) కరిగిపోతోందన్నారు.

సమస్య: పన్ను పలచబడింది, చల్లటివి తగిలితే జివ్వుమంటోంది

ముందు ఇది అరుగుదలేనా అన్నది తేల్చుకోవాలి. పుచ్చయితే ఒకచోట నల్లగానో గోధుమ రంగులోనో మారి మెత్తబడుతుంది. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై నల్గొండ వైపు కనిపించే ఫ్లోరోసిస్ అయితే తెల్లటి, గోధుమ రంగు మచ్చలు పన్ను వచ్చినప్పటి నుంచే ఉంటాయి. పులుపుకి కరిగిన పన్ను మీద మచ్చలుండవు. నున్నగా మెరుస్తుంది, లోపలి పసుపు బయటపడుతుంది, ముందు పళ్ల అంచులు వెలుతురులో గాజులా కనిపిస్తాయి.

పాలపళ్లే కదా, ఊడిపోతాయిలే అనుకోవద్దు. ఆరేళ్లప్పుడు వెనకాల వచ్చే దవడ పన్ను జీవితాంతం ఉండాల్సింది.

కారణం: నోరు ఎండిపోవడం, ఆ దాహానికి మనం ఇచ్చేవి

నోట్లో పులుపుని విరిచేది ఉమ్మే. ఆయాసం తగ్గడానికి పీల్చే సాల్బుటమాల్ లాంటి మందులు తరచూ వాడితే ఉమ్ము తగ్గుతుంది. ముక్కు దిబ్బడతో నోటితో గాలి పీల్చే పిల్లలకి ఇంకా ఎండిపోతుంది. పొడి రూపంలో ఉండే కొన్ని ఇన్‌హేలర్లకి కాస్త ఆమ్ల గుణం కూడా ఉంటుంది.

నేను చేసిన తప్పు ఇక్కడే. గొంతు ఆరిపోతోందని అడిగితే స్కూలు బాటిల్‌లో ఆరెంజ్ పౌడర్ కలిపి పంపేదాన్ని. సాయంత్రం దాకా గుక్క గుక్కగా తాగేవాడు. నోట్లో పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. కోలాది దాదాపు 2.5, నిమ్మరసం కూడా ఆ దరిదాపుల్లోనే. ఒక్కసారి తాగేస్తే ఉమ్ము సర్దుకుంటుంది, గంటల తరబడి చప్పరిస్తే దానికి తీరిక ఉండదు.

పరిష్కారం

బాటిల్‌లో మంచినీళ్లే. జ్యూసు, నిమ్మకాయ నీళ్లు ఎప్పుడైనా ఇస్తే భోజనంతో పాటు, ఒకేసారి తాగించేయండి. పడుకునే ముందు వద్దు. పెరుగు పుల్లగా ఉన్నా భయం లేదు, అందులోని కాల్షియం పన్నుని కాపాడుతుంది.

ఇన్‌హేలర్ పీల్చిన ప్రతిసారీ నీళ్లు పుక్కిలించి ఉమ్మేయించండి. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ అయితే నోట్లో తెల్లపూత రాకుండా కూడా ఇది పనికొస్తుంది. స్ప్రే ఇన్‌హేలర్‌కి స్పేసర్ (ముందు తగిలించే గొట్టం) పెడితే మందు నోట్లో తక్కువ పడి ఊపిరితిత్తుల్లోకి ఎక్కువ వెళ్తుంది.

పులుపు తగిలిన వెంటనే బ్రష్ చేయించకండి. మెత్తబడిన ఎనామిల్ బ్రష్‌తో పాటే లేచిపోతుంది. కనీసం అరగంట ఆగాలి. ఇప్పుడు మా ఇంట్లో రాత్రి ముందు ఇన్‌హేలర్, తర్వాత పుక్కిలించడం, కథ చెప్పుకోవడం, ఆఖరున బ్రష్. పేస్టు ట్యూబు మీద 1000 పీపీఎం ఫ్లోరైడ్ ఉందేమో చూడండి, పిల్లల పేస్టుల్లో కొన్నింటిలో తక్కువే ఉంటుంది. మూడేళ్లు దాటితే బఠాణీ గింజంత, అంతకన్నా చిన్నవాళ్లకి బియ్యపు గింజంత చాలు. మీ ఊరి నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే డెంటిస్టుని అడిగి వాడండి.

పై ముందు పళ్లు లోపలి వైపే అరిగితే

ఇది తాగేవాటి వల్ల కాకపోవచ్చు. పొట్టలోని ఆమ్లం పైకి తన్నుతోందేమో చూడాలి. ఆస్తమా పిల్లల్లో ఇది ఎక్కువే. పొద్దున్నే నోరు పుల్లగా ఉందనడం, పడుకోగానే దగ్గు రావడం గుర్తులు. పిల్లల డాక్టరుకి చెప్పండి. రాత్రి భోజనం పెందలాడే పెట్టండి. వాంతి అయితే బ్రష్ వద్దు, నీళ్లతో పుక్కిలిస్తే చాలు.

ఒక్కటి మాత్రం చేయకండి

పళ్లు పాడవుతున్నాయని ఇన్‌హేలర్ ఆపమని మా ఇంట్లోనూ అన్నారు. ఆయాసం ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. మందు మార్చాలన్నా తగ్గించాలన్నా డాక్టరే చెప్పాలి. డెంటిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు ఇన్‌హేలర్‌ని వెంట తీసుకెళ్లి చూపించండి. అవసరమైతే పళ్లకి ఫ్లోరైడ్ వార్నిష్ అనే పూత వేస్తారు, లోతైన గుంటలుంటే ఫిల్లింగ్ చేస్తారు.

కరిగిన ఎనామిల్ మళ్లీ రాదు. మా వాడి పళ్లమీద ఆ గుంటలు అలాగే ఉన్నాయి. మూడు నెలలకోసారి ఫోటో తీసి పాతదానితో పోల్చి చూస్తున్నాను. పోయినసారి రెండింటికీ తేడా కనిపించలేదు.