అపక్రమ భిన్నం నుంచి మిశ్రమ భిన్నం: మా పాపకు పనిచేసిన పద్ధతి

ఆరో తరగతి చదివే మా పాపకు భాగహారం బాగానే వచ్చు. 17/5 లాంటి అపక్రమ భిన్నం (పైనున్న లవం కిందున్న హారం కన్నా పెద్దది) ఇస్తే భాగఫలం 3, శేషం 2 అని టకటకా చెప్పేది. దాన్ని మిశ్రమ భిన్నంగా, అంటే పూర్ణ సంఖ్య పక్కన చిన్న భిన్నం పెట్టి రాసేటప్పుడే తేడా: ఓసారి 2 3/5, ఇంకోసారి 3 2/3. సూత్రం బట్టీ పట్టించడం, వీడియోలు, వర్క్‌షీట్లు, ఏవీ పనిచేయలేదు.

పనిచేసింది ఇది. భాగించడం ఆపించి, 17/5ని విడగొట్టమన్నాను: 5/5 + 5/5 + 5/5 + 2/5. ప్రతి 5/5 కిందా 1 అని రాయించాను. మూడు ఒకట్లు 3, మిగిలింది 2/5, అంటే 3 2/5. హారం ఎక్కడా మారలేదని తనే గమనించింది. ఇలా కొన్ని లెక్కలు చేశాకే భాగహారానికి తిరిగొచ్చాం, అదీ ఒక మార్పుతో: పెన్సిల్ పట్టగానే ముందు గీత గీసి కింద 5 వేసెయ్యాలి. ఆ తర్వాతే భాగించాలి. భాగఫలం పక్కన, శేషం గీత మీద. చివర్లో 3 × 5 + 2 = 17 వస్తోందా అని సరిచూసుకోవాలి. (2 3/5 రాస్తే 13 వస్తుంది, అక్కడే దొరికిపోతుంది.)

పిల్లలందరికీ ఇదే కుదురుతుందని చెప్పలేను. ఎక్కాలు రాకపోతే అసలు ఇబ్బంది వేరు. 127/6 లాంటివాటిని విడగొడుతూ కూర్చుంటే పేజీ చాలదు, వాటికి భాగహారమే దిక్కు. 20/5కి మాత్రం 4 0/5 అని రాసి పెట్టింది. తప్పు కాదు కానీ, దాని సంగతి ఇంకా చూడాలి.