స్కిజోఫ్రెనియాలో నిద్ర: రోగి చెప్పే లెక్కనూ పరికరం చూపే లెక్కనూ పోల్చడం ఎలా

స్కిజోఫ్రెనియా ఉన్న వ్యక్తి రాత్రంతా కునుకే పట్టలేదని చెప్పిన రోజునే, మణికట్టు పరికరం ఆరేడు గంటల నిద్రను నమోదు చేసి ఉండవచ్చు. అంతమాత్రాన ఆయన మాటను భ్రమగా కొట్టిపారేయడం తగదు. మానసిక వ్యాధి లేకుండా నిద్రలేమితో బాధపడేవారిలోనూ ఇదే తేడా తరచుగా కనిపిస్తుంది.

పోలిక సరిగా ఉండాలంటే రెండు లెక్కలూ ఒకే రాత్రులవి కావాలి. పిట్స్‌బర్గ్ నిద్ర నాణ్యత సూచిక అనే ప్రశ్నావళి గడచిన నెల మొత్తాన్ని గురించి అడుగుతుంది కనుక, దాని స్కోరును వారం రోజుల పరికర రికార్డు పక్కన పెట్టి తేడా తీయడం అర్థంలేని పని. కనీసం ఏడు, వీలైతే పద్నాలుగు రోజులు పరికరంతో పాటు నిద్ర డైరీ కూడా రాయించండి. డైరీని ఉదయం లేవగానే, పరికరం అంకెలు చూపించకముందే పూర్తిచేయించాలి; రాత్రి మాటిమాటికీ గడియారం చూడవద్దని, అంచనాగా రాస్తే చాలునని ముందే చెప్పాలి.

యాక్టిగ్రఫీ, అంటే మణికట్టు పరికరంతో నిద్రను అంచనా వేసే పద్ధతి, కొలిచేది కదలికను మాత్రమే. మెలకువగా ఉండి కదలకుండా పడుకున్న సమయాన్ని అది నిద్రగా లెక్కించే అవకాశం ఎక్కువ. నిరాసక్తత వల్లనో, ఈ వ్యాధికి వాడే యాంటీసైకోటిక్ మందుల మత్తు వల్లనో గంటల తరబడి మంచం మీదే ఉండేవారి విషయంలో ఈ పొరపాటు మరీ పెరుగుతుంది. అందుచేత పడుకున్న, లేచిన వేళలను, పరికరం తీసి పక్కన పెట్టిన వేళలను విడిగా రాసుకోండి. మెదడు తరంగాలను, కంటి కదలికలను, కండరాల బిగువును నమోదు చేసే పాలీసోమ్నోగ్రఫీ ఇంతకన్నా నమ్మదగినదే అయినా, కొత్త చోట తీగల మధ్య గడిపిన ఒక్క రాత్రి మామూలు రాత్రికి అద్దం పట్టదు. గురక, బరువు పెరగడం ఉంటే మాత్రం స్లీప్ ఆప్నియాను (నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగిపోయే సమస్యను) పట్టుకోవడానికి ఆ పరీక్ష అవసరం.

తేడాను రాత్రివారీగా తీయండి. ఉదాహరణకు, ఎనిమిది గంటలు పడకపై ఉన్నవారు నాలుగు గంటలే నిద్రపోయానంటే నిద్ర సామర్థ్యం, అంటే పడకపై గడిపిన సమయంలో నిద్రపోయిన వంతు, 50 శాతం. పరికరం ఆరున్నర గంటలు చూపితే 81 శాతం. నిద్ర పట్టడానికి పట్టిన సమయాన్ని, మధ్యలో మెలకువగా గడిపిన సమయాన్ని వేర్వేరుగా పోల్చాలి, ఎందుకంటే మొత్తం గంటలు సరిపోలినా ఈ రెండూ సరిపోలకపోవచ్చు. సగటు ఒక్కదాన్నే చూడకండి: ఒక రాత్రి ఎక్కువగా, మరో రాత్రి తక్కువగా వచ్చిన తేడాలు సగటులో ఒకదాన్నొకటి మింగేస్తాయి.

లెక్క తేలాక "మీరు నిద్రపోయారు కదా" అని వాదించకుండా, ఆ రాత్రి ఎలా గడిచిందో, స్వరాలు వినిపించాయా, కాళ్లు నిలకడగా ఉన్నాయా, ఉదయం అలసట తీరిందా అని అడగండి. మందు మోతాదును, వేళను ఈ అంకెలను బట్టి సొంతంగా మార్చకూడదు. నిద్ర ఒక్కసారిగా తగ్గిపోయిందని ఆయన చెబితే, పరికరంలో మార్పేమీ కనిపించకపోయినా వెంటనే వైద్యుడికి తెలియజేయండి. వ్యాధి తిరగబెట్టే ముందు నిద్ర చెదరడం తరచుగా కనిపించే లక్షణం.