పుచ్చిన తెరచాప కొయ్యను మార్చడం, 3వ పాఠం: దించడం, మొదలు చూడడం, గూడు బాగుచేయడం

గత పాఠంలో స్క్రూడ్రైవర్ పిడితో కొయ్యను జానెడుకొక దెబ్బ చొప్పున కొట్టుకుంటూ పోయి, ఖంగుమన్నచోట వదిలేసి, మూగగా పలికినచోట సుద్దతో గీత పెట్టమన్నాను. అది అయ్యాకే ఈ పాఠం మొదలుపెట్టండి. క్రేన్ పట్టీ ఎక్కడ వేయాలో ఆ గీతలే చెబుతాయి, పుచ్చినచోట పట్టీ బిగిస్తే కొయ్య గాల్లో ఉండగానే విరగొచ్చు.

ఉదాహరణకి నా పడవనే తీసుకుంటున్నాను. సియాటిల్ దగ్గర ఉప్పునీళ్లలో ఉండే పాత చెక్క పడవ, పొడవు 25 అడుగులు. కొయ్య సుమారు 10 మీటర్లు, మొదలు దగ్గర, అంటే కింది కొసన, 11 సెంటీమీటర్ల మందం, డెక్‌లో (పడవ పై తలంలో) కన్నం గుండా దిగి పడవ అడుగున ఒక గూట్లో కూర్చుంటుంది. కర్ర సిట్కా స్ప్రూస్, ఎండినది ఘనపు మీటరుకి 425 కిలోలు వేసుకుంటే మొత్తం 40 కిలోల లోపే వస్తుంది. ఇంతేనా, నలుగురం పట్టుకుని ఎత్తేద్దాం అని దయచేసి అనుకోవద్దు. మన చేతులు కింద ఉంటాయి, బరువు నడిబొడ్డు మన తలకి రెండు మూడు మీటర్ల పైన ఊగుతూ ఉంటుంది, ఒకసారి ఒరిగిందంటే ఎవరూ ఆపలేరు.

గాలి లేని పొద్దున చూసుకోండి. అన్నిటికంటే ముందు తలెత్తి కరెంటు తీగలున్నాయేమో చూడండి, క్రేన్ దగ్గరే కాదు, పడవ నడిచే దారంతా. తర్వాత తెరచాప, దాని కింది అడ్డకర్ర తీసేయండి, లైటు వైర్లు విడదీయండి, డెక్ కన్నం చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు, బిగింపు చెక్కలు ఊడదీయండి. కొయ్యని నిలబెట్టి ఉంచే ఇనప తీగల్ని బిగించే మరలే టర్న్‌బకిల్స్, ఒక్కోదానిలో ఎంత మర బయటికి కనిపిస్తోందో స్కేలుతో కొలిచి, టేపు మీద రాసి దానికే అంటించండి, కొత్త కొయ్య నిలబెట్టేరోజు ఆ అంకెలు చేతిలో ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది. అన్నీ కొంచెం కొంచెంగా వదులు చేయండి గానీ, క్రేన్ బరువు పట్టేదాకా ఈ తీగల్లో ఒక్కటి కూడా పూర్తిగా ఊడదీయొద్దు. పట్టీ కొయ్య సగానికి కాస్త పైన, పక్క చేతుల్లా చాచుకుని ఉండే కర్రల కింద ఉండాలి, అది పైకి జారకుండా పట్టీ నుంచి కొయ్య మొదటికి ఒక తాడు కట్టాలి.

ఎత్తేటప్పుడు ఒక మనిషి డెక్ మీద, ఒక మనిషి లోపల గూటి దగ్గర. కొయ్య కదలకపోతే క్రేన్‌తో గట్టిగా లాగించకండి, ఆపి వెతకండి. నాకు అలాగే అయింది: పట్టీ బిగుసుకుంది, పడవే పైకి లేస్తున్నట్టు అనిపించింది, తీరా చూస్తే గూటికి అడ్డంగా ఒక బోల్టు, దానిమీద నాలుగు పూతల పెయింటు. గీకితే గానీ కనపడలేదు.

కొయ్య బయటికొచ్చాక దాని మొదలు, అంటే కింది కొస, చూడండి, ఈ పాఠంలో అసలు చదువు అదే. మా కొయ్య కింది జానెడు ముదురు గోధుమరంగులోకి తిరిగి, నారకి అడ్డంగా, నిలువుగా పగిలి చిన్న చిన్న గళ్లయిపోయింది, వేళ్లతో నలిపితే కాఫీపొడిలా రాలింది, పుట్టగొడుగుల వాసన. బూజుజాతి జీవి కర్రలోని సెల్యులోజ్‌ని తినేసిందన్నమాట. దానికి తడి కావాలి, కర్రలో తేమ 20 శాతం దాటకుండా ఉంటే అది పెరగదు. తమాషా ఏమిటంటే సముద్రపు ఉప్పునీరు కర్రని పెద్దగా పాడుచేయదు, పాడుచేసేది వాన. వాన కొయ్యమీంచి జారి గూట్లో చేరుతుంది, కొయ్య మొదట్లో నార కొనలు తెరిచి ఉంటాయి కాబట్టి ఒత్తిలా పీల్చుకుంటాయి. మా గూట్లో నీళ్లు పోయే కన్నం ఉంది గానీ, ఎవరో ఎప్పుడో దాన్ని సీలెంట్‌తో పూడ్చేశారు. నీళ్లు రాకూడదని పూడ్చి ఉంటారు, వచ్చిన నీళ్లు పోలేకపోయాయి.

పుచ్చు మొదట్లోనే ఉండి పైనంతా చేవగా ఉంటే కొయ్యంతా పారేయక్కర్లేదు, కింది ముక్క కోసేసి కొత్త కర్ర ఏటవాలుగా అతకొచ్చు. ఆ ఏటవాలు మందానికి 12 రెట్లు ఉండాలి, అంటే 11 సెంటీమీటర్లకి 132. నాకు డెక్ కన్నం దగ్గరా, పక్క చేతుల మేకుల కిందా కూడా చీకిపోయింది కాబట్టి కొత్తదే చేస్తున్నాను. మీదీ అంతే అయితే పాతదాన్ని అప్పుడే కట్టెలు చేయకండి. ప్రతి అర మీటరుకీ మందం కొలిచి రాసుకోండి, ప్రతి బోల్టు స్థానాన్నీ ఒక పొడుగాటి బద్దమీద గుర్తు పెట్టుకోండి. కర్రకి డగ్లస్ ఫర్ చౌక, బలం కూడా ఎక్కువే, కానీ స్ప్రూస్ కంటే దాదాపు పాతిక శాతం బరువు, పైన పెరిగిన ప్రతి కిలో పడవని ఇంకాస్త ఒరిగేలా చేస్తుంది. డబ్బు కుదిరితే స్ప్రూస్ కొనమనే చెబుతాను.

గూట్లో మట్టి తోడుతుంటే ఒక సెంటు నాణెం దొరికింది. కొయ్య కింద నాణెం పెట్టడం చాలా పాత అలవాటు. 1962లో లండన్‌లో థేమ్స్ ఒడ్డున బయటపడ్డ రోమన్ పడవ గూట్లో డొమిషియన్ చక్రవర్తి కాలపు నాణెం ఉంది, దాని వెనకవైపు చుక్కాని పట్టుకున్న అదృష్టదేవత. మన ఊళ్లల్లో ధ్వజస్తంభం నిలబెట్టేరోజు గుంటలో నాణేలు వేయడం చూసినవాడిని కాబట్టి ఆ సెంటు తుడిచి దాచాను, మళ్లీ అక్కడే పెడతాను, నీళ్లు పోయే కన్నానికి అడ్డం రాకుండా.

వచ్చే పాఠానికి రెండు పనులు. మొదటిది గీతకర్ర, కొత్త కొయ్య చేసే నలుచదరపు దూలం మీద గీతలు గీయడానికి. ఒక చిన్న చెక్కకి 12 సెంటీమీటర్ల ఎడంలో రెండు మేకులు కొట్టండి, మధ్యలో 3.5 దగ్గరా 8.5 దగ్గరా పెన్సిళ్లు దూర్చండి. 7, 10, 7 పాళ్ల లెక్క ఇది. నలుచదరపు దూలం మీద రెండు మేకులూ రెండు అంచుల్నీ తాకేలా ఈడ్చుకుంటూ పోతే, దూలం సన్నబడేకొద్దీ చెక్క ఏటవాలుగా తిరిగి గీతలు కూడా అదే పాళ్లలో దగ్గరవుతాయి, ఆ గీతలదాకా మూలలు చిత్రిక పడితే నాలుగు ముఖాల దూలం ఎనిమిది ముఖాలది అవుతుంది. రెండోది, గూడు శుభ్రం చేసి, చీకినదంతా ఉలితో తీసి, కన్నం తెరిచి, చెంబుడు నీళ్లు పోసి చూడండి. నిమిషంలో మొత్తం పోవాలి. అడుగున కాసిని మిగిలినా కన్నం ఇంకాస్త కిందికి తొలిచి మళ్లీ పోయండి.