డబ్లిన్‌లో సాయంత్రాలు: సంగీతం, నాటకం, కచేరీలకు కొత్తగా వెళ్లేవారికి

డిసెంబర్‌లో డబ్లిన్‌లో సాయంత్రం నాలుగు దాటగానే చీకటి పడిపోతుంది. కాలేజీ నుంచో ఆఫీసు నుంచో వచ్చి గదిలో ఫోన్ పట్టుకుని కూర్చుంటే ఆ చలికాలం ఎంతకీ గడవదు. ఈ ఊళ్లో సాయంత్రం పూట వినాల్సినవి, చూడాల్సినవి బోలెడు. డబ్బు పెట్టకుండా దొరికేవీ ఉన్నాయి. తాగే అలవాటు లేనివాళ్లు చాలామంది పబ్బు మనకెందుకులే అని గుమ్మం దగ్గరే ఆగిపోతున్నారు. ఇక్కడి అసలు సంగీతం ఉండేది అక్కడే కాబట్టి ముందు దాని సంగతి చెబుతాం.

ఐరిష్ సంప్రదాయ సంగీతం వేదిక మీద కన్నా పబ్బులో ఓ మూల బల్ల చుట్టూ బాగా పండుతుంది. దాన్ని సెషన్ అంటారు. స్మిత్‌ఫీల్డ్‌లో కాబుల్‌స్టోన్, మెరియన్ రోలో ఓడొనహ్యూస్ ఇందుకు పేరు మోసినవి. 1960లలో 'ది డబ్లినర్స్' బృందం తయారైంది ఓడొనహ్యూస్‌లోనే. 2021లో కాబుల్‌స్టోన్ ఉన్న చోట హోటల్ కడతామంటే జనం వీధుల్లోకి వచ్చి ఊరేగారు. చివరికి సిటీ కౌన్సిల్ అనుమతి ఇవ్వలేదు. ఆ మూల బల్ల అంటే ఊరికి అంత ఇష్టం.

సెషన్‌కు టికెట్ ఉండదు. ఫిడిల్, ఫ్లూట్, టిన్ విజిల్, కాన్సర్టీనా, బౌరాన్ అనే చేతి డప్పు, మోచేత్తో తిత్తిని నొక్కి వాయించే ఇలన్ పైప్స్ ఉంటాయి. మన ఊరి భజన గోష్ఠిలాగే ఒకరు ఎత్తుకుంటే తెలిసినవాళ్లు అందుకుంటారు. ఒక్కో ట్యూన్‌ను రెండు మూడుసార్లు వాయించి, ఆపకుండానే మరోదానిలోకి దూకుతారు. సాధారణంగా అలాంటివి మూడు కలిస్తే ఒక సెట్. ట్యూన్ మారే ఆ క్షణాన్ని పట్టుకోగలిగితే వినడం సగం వచ్చినట్టే. తాళజ్ఞానం ఉన్నవాళ్లకు ఇంకా తేలిక: జిగ్‌లో తిశ్ర నడక, రీల్‌లో చతురశ్రం వెంటనే చెవికి తగులుతాయి.

బల్ల దగ్గర కుర్చీ ఖాళీగా కనిపించినా కూర్చోవద్దు, అది ఇంకా రావలసిన వాద్యకారుడిది. చప్పట్లతో తాళం వేయొద్దు. గది వెనక నుంచి వచ్చే చప్పట్లు అర క్షణం ఆలస్యంగా వినిపించి వాయించేవాళ్ల లయను చెడగొడతాయి. సెట్ అయిపోయాక మనసారా కొట్టండి. ఫలానా పాట వాయించమని అడగకండి. వీడియో తీయాలంటే రెండు సెట్ల మధ్య విరామంలో ఒక మాట అడగండి, సాధారణంగా కాదనరు. ఎవరైనా వాద్యం లేకుండా గొంతెత్తి పాడటం మొదలుపెడితే గదంతా నిశ్శబ్దమైపోతుంది. అప్పుడు కౌంటర్ దగ్గర ఉన్నా ఆర్డర్ చెప్పకుండా ఆగండి.

ఇక తాగడం గురించి. పబ్బులో బల్ల దగ్గరికి వచ్చి అడిగేవాళ్లు ఉండరు. మీరే కౌంటర్‌కి వెళ్లి చెప్పి, అక్కడే డబ్బు కట్టి తెచ్చుకోవాలి. టిప్పు ఆశించరు. సోడా అండ్ లైమ్, ఆల్కహాల్ లేని 0.0 బీరు, కోక్, ఏదైనా అడగవచ్చు, ఎవరూ వింతగా చూడరు. చిక్కు వచ్చేది రౌండ్ల దగ్గర. గుంపులో ఒకరు అందరికీ కొంటే, తర్వాత మీ వంతు వస్తుంది. ఒక కోక్ తాగి ఐదుగురి పైంట్లకు డబ్బు కట్టాల్సి వస్తే నెల ఖర్చు తలకిందులవుతుంది. అందుకే మొదటి రౌండ్‌కు ముందే "ఐయామ్ గ్రాండ్, ఐ విల్ గెట్ మై ఓన్" (నాకు వద్దులే, నాది నేనే కొనుక్కుంటా) అనేయండి. ఇక్కడ ఆ మాటను ఎవరూ తప్పుపట్టరు. ఒకసారి తీసుకుని, తిరిగి కొనకుండా వెళ్లిపోతే మాత్రం గుర్తుపెట్టుకుంటారు.

పిల్లలతో వెళ్లేవారు వారాంతం మధ్యాహ్నం సెషన్ చూసుకోవడం మేలు. 18 ఏళ్లలోపువాళ్లు రాత్రి 9కల్లా, మే నుంచి సెప్టెంబర్ వరకైతే 10కల్లా బార్ నుంచి వెళ్లిపోవాలని చట్టం. వయసు అడిగితే గేటు దగ్గర పాస్‌పోర్టో డ్రైవింగ్ లైసెన్సో చూపాలి. ఆధార్ పనికిరాదు, ఇక్కడ ఉండేందుకు ఇచ్చే ఐఆర్‌పీ కార్డును గుర్తింపు కార్డుగా లెక్కించరు. పబ్బులతో నిండిన టెంపుల్ బార్ అనే పేట ఒకసారి నడిచి చూడదగ్గదే. కానీ అక్కడ ధరలు మిగతా ఊరికన్నా బాగా ఎక్కువ, సంగీతం కూడా పర్యాటకుల కోసం మైకుల్లో పాడేదే ఎక్కువ.

నాటకం ఈ ఊరికి ప్రాణం. కవి యేట్స్, నాటక రచయిత్రి లేడీ గ్రెగరీ 1904లో తెరిచిన ఆబీ థియేటర్ జాతీయ నాటకశాల. లూవాస్ అనే ట్రామ్ రెడ్ లైన్‌లో ఆబీ స్ట్రీట్ స్టాప్ దిగితే రెండడుగులు. పార్నెల్ స్క్వేర్ దగ్గరి గేట్ థియేటర్ 1928 నాటిది. యాసతోనే మొదటి ఇబ్బంది. వేగంగా మాట్లాడే డబ్లిన్ ఇంగ్లిష్ నాటకంలో మొదటి అరగంట సగం జారిపోతుంది. దానికి రెండు ఉపాయాలు: కథ ముందే చదువుకుని వెళ్లడం, లేదా 'క్యాప్షన్డ్' అని రాసి ఉన్న రోజు టికెట్ కొనడం. ఆ రోజు మాటలు తెర మీద అక్షరాల్లో కనిపిస్తాయి. వినికిడి సమస్య ఉన్నవారి కోసం పెట్టినవే అయినా అందరూ వెళ్లవచ్చు. మొదటి కొన్ని రోజుల 'ప్రివ్యూ' ప్రదర్శనలకు ధర తక్కువగా ఉంటుంది. స్టూడెంట్ కార్డు ఉంటే రాయితీ ఉందేమో చూడండి.

సమయం విషయంలో మన ఫంక్షన్ల లెక్క వేసుకోవద్దు. 7.30 అంటే 7.30కి దీపాలు ఆరిపోతాయి. ఆలస్యమైతే తగిన విరామం దొరికేదాకా, ఒక్కోసారి ఇంటర్వెల్ దాకా బయటే నిలబెడతారు. చిన్నపిల్లలున్నవాళ్లు క్రిస్మస్ వేళ గెయిటీ థియేటర్‌లో పాంటో అనే హాస్య సంగీత నాటకం చూపించండి. పిల్లలు కూర్చున్న చోటి నుంచే అరిచి నటులతో వాదించడం అందులో భాగం. కుటుంబాలన్నీ ఎగబడతాయి కాబట్టి సెలవు రోజుల టికెట్లు ఎంత ముందు తీసుకుంటే అంత మంచిది.

పెద్ద కచేరీలు 3అరీనా అనే పెద్ద హాల్లో. టికెట్లు అమ్మకానికి వచ్చే రోజుకు ముందే టికెట్లు అమ్మే టికెట్‌మాస్టర్ సైట్‌లో ఖాతా తెరిచి, కార్డు వివరాలు పెట్టి ఉంచండి. వరుసలో గంట వేచి, చివర్లో ఇండియా కార్డుకు ఓటీపీ రాక టికెట్ పోగొట్టుకునేవాళ్లు ఉంటారు. ఇక్కడి బ్యాంకు కార్డు వాడండి. అయిపోయాయని వాట్సాప్ గ్రూపులో ఎవరో అమ్ముతున్నది కొనకండి. చాలా టికెట్లకు యాప్‌లో బార్‌కోడ్ కదులుతూ మారుతుంది, స్క్రీన్‌షాట్ గేటు దగ్గర చెల్లదు. యాప్ ద్వారానే బదిలీ చేయమనండి. 2021 చట్టం కింద గుర్తించిన వేదికలు, కార్యక్రమాల టికెట్లను అసలు ధరకు మించి అమ్మడం నేరం. ఏ4 కాగితం కన్నా పెద్ద సంచి తీసుకెళ్లొద్దు. టికెట్ మీద ఉండేది తలుపులు తెరిచే సమయం. ముందు వేరే బృందం పాడుతుంది, అసలు వాళ్లు రావడానికి గంటో రెండు గంటలో పడుతుంది.

నేషనల్ గ్యాలరీలోకి ప్రవేశం ఉచితం, గురువారం రాత్రి 8.30 దాకా తెరిచే ఉంటుంది. సెప్టెంబర్‌లో ఒక శుక్రవారం జరిగే కల్చర్ నైట్‌ను వదులుకోవద్దు, మామూలుగా మూసి ఉండే భవనాలు కూడా ఆ రాత్రి ఉచితంగా తెరుస్తారు.

తిరుగు ప్రయాణం బయలుదేరకముందే చూసుకోండి. బస్సులకు, ట్రామ్‌లకు వాడే లీప్ కార్డుతో పెద్దలకు 2 యూరోలు, స్టూడెంట్ లీప్‌తో 1 యూరో, అదీ 90 నిమిషాలకే. షో అయ్యేసరికి గడువు దాటుతుంది కాబట్టి రానూపోనూ రెండు ఛార్జీలు వేసుకోండి. లూవాస్‌లో ఎక్కే ముందు, దిగాక రెండుసార్లూ కార్డు తాకించాలి. చివరి ట్రామ్ మామూలు రోజుల్లో అర్ధరాత్రి దాటాక కాసేపటికే, ఆదివారం ఇంకా ముందే. నైట్‌లింక్ బస్సులు శుక్ర, శని రాత్రులే. 3అరీనా వదలగానే ఎదురుగా ఉన్న పాయింట్ స్టాప్ కిక్కిరిసిపోతుంది. ట్రామ్‌లు అక్కడే నిండిపోతాయి కాబట్టి తర్వాతి స్టాప్‌కు నడిచినా లాభం లేదు. నది ఒడ్డున ఇరవై నిమిషాలు నడిచి బుసారస్ అనే బస్ స్టేషన్ చేరితే బస్సులు, టాక్సీలు దొరకడం తేలిక. టాక్సీకి రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా రేటు ఎక్కువ, కానీ ప్రతి టాక్సీ కార్డు తీసుకోవాల్సిందే. నలుగురు పంచుకుంటే పెద్ద భారం కాదు.