ఫిరంగులను అడగగానే పేల్చనివ్వకండి

బల్ల మీద పాచికలతో ఆడే యుద్ధ క్రీడకు సన్నివేశం రాసేవారు ఫిరంగి దళాన్ని తరచూ మంత్రదండం చేసేస్తారు. ఆటగాడు వేలు చూపగానే అక్కడ గుండ్లు కురుస్తాయి. ముందు ఆ సౌకర్యం తీసేయండి. లక్ష్యం కంటికి కనిపించే చోట పరిశీలకుడు ఉంటేనే కాల్పులు కోరనివ్వండి. కోరాక ఒకటి రెండు వంతులు ఆగాలి. మొదటి గుండు గురి సరిచూసుకోవడానికే.

1999 నాటి కార్గిల్ పోరాటాన్నే తీసుకోండి. టైగర్ హిల్ లాంటి చోట గురి కాస్త ఎక్కువైతే గుండు శిఖరం దాటి అవతలి లోయలో పడుతుంది, తక్కువైతే కింది వాలులో పేలుతుంది. గురి తప్పిన గుండు ఎంత దూరంలో పడిందో పాచికతో తేల్చే, మైదానంలో వాడే గురితప్పు పట్టిక ఇక్కడ పనికిరాదు. పాచిక చెడితే ఆ కాల్పులు పూర్తిగా వృథా అనండి. బోఫోర్స్ 155 మి.మీ. ఫిరంగులతో బంకర్లను నేరుగా చూసి కొట్టిన సందర్భాలూ అక్కడ ఉన్నాయి. వాటికి మాత్రం ఈ ఆలస్యం అక్కర్లేదు.

ఇంకొకటి. రాతి బంకరులోని వాళ్లు ఫిరంగి దెబ్బకు చనిపోవడం కన్నా తల దించుకోవడమే ఎక్కువ. సొంత పదాతిదళం దగ్గరపడగానే కాల్పులు ఆపక తప్పదు కదా, అసలు ఉత్కంఠ ఆ వంతులోనే! రక్షకులు తేరుకున్నారో లేదో అప్పుడే పాచిక వేయించండి. నా బల్ల దగ్గర అందరూ కుర్చీల్లోంచి లేచేది ఆ ఒక్క పాచికకే.