రాయగడ, కోరాపుట్ వైపు నుంచి చిన్నపిల్లలతో గుల్మార్గ్ స్కీయింగుకు వెళ్లేవాళ్లకు

మూడేళ్లు నిండని పిల్లలకు స్కీలు (మంచు మీద జారడానికి కాళ్లకు తొడిగే పొడవైన పలకలు) వద్దు. వాళ్లను మంచులో ఆడిస్తే చాలు. ఇక్కడ చెప్పేదంతా నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం.

ఉత్తరాఖండ్‌లోని ఔలీ, హిమాచల్‌లోని సోలంగ్, కాశ్మీరులోని గుల్మార్గ్ మూడింట్లో పిల్లలతో వెళ్లడానికి గుల్మార్గే నయం. కారణం మంచు కాదు, దారి. ఔలీకి వెళ్లాలంటే రిషికేశ్ నుంచి జోషీమఠ్ దాకా సుమారు 250 కిలోమీటర్లు ఘాట్ రోడ్డు మీద పోవాలి. పసివాళ్లు వాంతులతోనే నీరసించిపోతారు. పైగా జోషీమఠ్‌లో నేల కుంగాక 2023 జనవరిలో అక్కడి రోప్‌వే ఆపేశారు. అదే గుల్మార్గ్ అయితే శ్రీనగర్ నుంచి 50 కిలోమీటర్లే. రాయగడలో సమతా ఎక్స్‌ప్రెస్ గానీ హీరాకుడ్ ఎక్స్‌ప్రెస్ గానీ ఎక్కితే బండి మారకుండా ఢిల్లీలో దిగొచ్చు. రెండూ రోజూ ఉండవు కాబట్టి రైలు రోజును బట్టే శ్రీనగర్ విమానం టికెట్టు తీసుకోండి.

క్రిస్మస్ సెలవులు కలిసొస్తాయని అప్పుడే బయల్దేరకండి. ఆ రోజుల్లో ఒక్కోసారి చాలినంత మంచే పడి ఉండదు. డిసెంబరు 21 నుంచి నలభై రోజులను కాశ్మీరీలు చిల్లై కలాన్ అంటారు, చలి అన్నిటికన్నా ఎక్కువగా ఉండే కాలం అదే. పిల్లలకు ఫిబ్రవరి మొదటి రెండు వారాలు మేలు: మంచు నిండుగా ఉంటుంది, ఎండ కాస్త తగులుతుంది, వార్షిక పరీక్షలకూ టైముంటుంది. అక్కడ జరిగే ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు ఎప్పుడో మాత్రం ముందే చూసుకోండి. ఆ వారంలో గదులు దొరకడం కష్టం.

టికెట్ల కన్నా ముందు చేయించాల్సింది ఒకటుంది: సికిల్ సెల్ పరీక్ష. ఇది రక్తంలోని ఎర్రకణాలు కొడవలిలా వంకరయ్యే వంశపారంపర్య జబ్బు. దక్షిణ ఒడిశా జిల్లాల్లో, అటు మహారాష్ట్రలోని గడ్చిరోలిలో ఇది చాలా కుటుంబాల్లో ఉంది. గుల్మార్గ్ ఎత్తు 2,650 మీటర్లు. గాలిలో ఆక్సిజన్ తగ్గడం, చలి, నీళ్లు తాగకపోవడం, ఈ మూడూ కలిస్తే సికిల్ సెల్ ఉన్న పిల్లలకు ఒళ్లంతా నొప్పులతో క్రైసిస్ రావొచ్చు. జబ్బు లేకుండా దాని జన్యువును మాత్రమే మోస్తున్నవాళ్లకు (దీన్ని ట్రెయిట్ అంటారు) కూడా ఎత్తులో ప్లీహం దెబ్బతిన్న కేసులున్నాయి. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద ప్రభుత్వాసుపత్రుల్లో ఈ పరీక్ష ఉచితం. జబ్బు ఉందని తేలితే ఈ ప్రయాణం మానుకోండి, ట్రెయిట్ మాత్రమే ఉంటే డాక్టరును అడిగి నిర్ణయించుకోండి. ఉబ్బసం ఉన్న పిల్లల ఇన్‌హేలర్ చేతిసంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో కాదు.

బట్టల దగ్గర మనవాళ్లు ఎక్కువగా పొరపడేది నూలు బనియన్ల విషయంలో. సెమిలిగుడ చలికి స్వెట్టరు కింద నూలు బనియను సరిపోతుంది. మంచులో ఎగిరి గంతులేసే పిల్లలకు అది చెమటతో తడిసి, కదలడం ఆపగానే ఒంటి వేడిని లాగేస్తుంది. కాబట్టి ఒంటికి ఆనుకుని సింథటిక్ గానీ ఉన్ని గానీ థర్మల్స్, వాటి మీద ఫ్లీస్ (మెత్తటి, వెచ్చటి సింథటిక్ బట్ట), పైన నీరు దిగని జాకెట్టూ ప్యాంటూ వేయండి. వేళ్ల గ్లోవ్స్ కన్నా నాలుగు వేళ్లూ కలిసి ఉండే మిట్టెన్లు వెచ్చగా ఉంటాయి. రెండు జతలు తీసుకెళ్లండి, ఒక జత మధ్యాహ్నానికే తడుస్తుంది. కొన్నవన్నీ ఒకసారి తొడిగి, డిసెంబరులో తెల్లవారుజామున దేవమాలి కొండ మీదికి తీసుకెళ్లి ఓ గంట ఆడించండి. 1,672 మీటర్ల ఎత్తులో ఆ గాలికి ఎక్కడ కుట్టు గుచ్చుకుంటుందో, ఏది వేసుకోనని పేచీ పెడతారో అక్కడే తెలిసిపోతుంది. అన్నట్టు, ఇన్ని పొరలు తొడిగే ముందు ఒంటికి పంపించడం మరవకండి. తొడిగాక అడిగితే మళ్లీ పావుగంట పని.

స్కీలు, బూట్లు, హెల్మెట్ గుల్మార్గ్‌లోనే అద్దెకు దొరుకుతాయి. చిన్న సైజులు మాత్రం తక్కువ. పిల్లల వయసు, ఎత్తు, బరువు, పాదం పొడవు చెప్పి ముందే ఫోనులో మాట్లాడుకోండి. పాదం కొలవడానికి మడమను గోడకు ఆనించి కాగితం మీద నిలబెట్టి, పొడవైన వేలి దగ్గర గీత గీయండి. గోడ నుంచి గీత దాకా 17.5 సెంటీమీటర్లు వస్తే బూటు సైజు కూడా 17.5. మహా అయితే ఒక సెంటీమీటరు పెద్దది తీసుకోవచ్చు. ఇంకా వదులైతే మడమ లోపల పైకి లేచి స్కీ మీద పట్టు పోతుంది. సాక్స్ ఒక్క జతే, మోకాలి దాకా, పలచనివి. వెచ్చదనం కోసమని రెండు జతలు తొడిగితే పాదం బిగుసుకుని రక్తం ఆడదు, కాళ్లు మరింత చల్లబడతాయి. థర్మల్ ప్యాంటు అంచు కూడా బూటులోకి దిగకూడదు.

స్కీ నిలబెడితే పిల్లవాడి ఛాతీకీ గడ్డానికీ మధ్యకు రావాలి. మొదటిసారైతే ఛాతీ దాకా చాలు. చేతుల్లో పట్టుకునే స్కీ కర్రలు ఇవ్వొద్దు. ఇక తప్పకుండా చూడాల్సింది బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగు. దాని మీద చిన్న కిటికీలో అంకెలుంటాయి. 15 నుంచి 20 కిలోల పిల్లలకు అది 1, 1.5 దగ్గర ఉండాలి. 3 లేదా 4 నుంచి మొదలయ్యేది పెద్దవాళ్లది. పిల్లలు పడినప్పుడు అది ఊడదు, స్కీతోపాటు కాలు మెలితిరిగి మోకాలి కింద ఎముక విరుగుతుంది. సరైనది లేదంటే ఆ రోజు స్కీయింగు మానుకోండి, ఇందులో మొహమాటం పనికిరాదు. హెల్మెట్ కింద మంకీ టోపీ పెట్టొద్దు, హెల్మెట్ జారుతుంది.

మొదటి రోజు శ్రీనగర్‌లోనే పడుకోండి. అది సుమారు 1,600 మీటర్ల ఎత్తు, ఒళ్లు కాస్త అలవాటు పడుతుంది. గుల్మార్గ్ చేరిన రోజు ఆటలే, స్కీలు మర్నాడు. నేర్పడానికి అనుమతి ఉన్న ఇన్‌స్ట్రక్టర్నే పెట్టుకోండి. ఐదేళ్ల లోపువాళ్లకు రోజుకు గంట, ఆపైవాళ్లకు మధ్యలో విరామంతో రెండు గంటలు చాలు. ముందు బూట్లతో నడక, తర్వాత ఒక కాలికే స్కీ తొడిగి చదును మీద జారడం, ఆ తర్వాత రెండూ. ఆగడం రాకుండా వాలు ఎక్కించకూడదు: స్కీల ముందు కొనలు దగ్గరగా, వెనక కొనలు దూరంగా పెట్టి మడమలు బయటికి నెట్టితే వేగం తగ్గుతుంది. మీ కాళ్ల మధ్య నిలబెట్టుకుని జారొద్దు, మీరు పడితే మీ బరువంతా వాళ్ల మీదే. ఒళ్లో కూర్చోబెట్టుకుని స్లెడ్జి మీద వాలు దిగడమూ అంతే ప్రమాదం.

ఏడుపు మొదలు కాకముందే ఆపండి. ప్రతి అరగంటకూ బుగ్గలు, ముక్కు కొన, చెవులు చూడండి. చర్మం తెల్లబడి స్పర్శ తెలియకపోతే లోపలికి తీసుకెళ్లి వెచ్చని అరచేయి ఆనించి ఉంచండి. రుద్దకూడదు, హీటరు ముందు పెట్టకూడదు. కొత్తమంచు ఎండలో 80 శాతం దాకా అతినీలలోహిత కిరణాలను వెనక్కి కొడుతుంది, కాబట్టి మబ్బు పట్టినా గాగుల్స్, సన్‌స్క్రీన్ ఉండాలి. గుల్మార్గ్ గండోలా (కేబుల్ కారు) రెండో దశ దాదాపు 3,950 మీటర్లకు పోతుంది. చిన్నపిల్లలను అక్కడికి ఎక్కించొద్దు. చిరాకు, తిండి వద్దనడం, వాంతులు, నిద్ర పట్టకపోవడం కనిపిస్తే ప్రయాణ బడలికని సరిపెట్టుకోకుండా అదే రోజు శ్రీనగర్‌కు దిగిపోండి.

గదిలో బుఖారీ (కట్టెలు, బొగ్గుతో గది వేడిచేసే పొయ్యి) గానీ గ్యాస్ హీటరు గానీ ఉంటే పడుకునే ముందు ఆర్పించండి, కిటికీ కాస్త తెరిచి ఉంచండి. మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడు వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది. కాంగ్డీని (చేతిలో పట్టుకునే నిప్పుల కుంపటిని) పిల్లలకు అందకుండా పెట్టండి.

ఆ ఎత్తులో నీళ్లు 91 డిగ్రీలకే మరుగుతాయి, గిన్నెలో వండిన అన్నం పలుకుగానే ఉంటుంది. కుక్కరులో వండే చోటే తినండి. వేయించిన చోడిపిండి, బెల్లం వెంట ఉంటే ఫ్లాస్కులో వేడినీళ్లతో అంబలి అప్పటికప్పుడు కలుపుకోవచ్చు. దాహం వెయ్యకపోయినా గంటకోసారి తాగించండి.

ఒడిశా ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కాశ్మీరులో పనిచేయదు, ఇంట్లో ఒక్కరిదైనా పోస్ట్‌పెయిడ్ అయ్యుండాలి. మంచు పడితే గుల్మార్గ్‌కు దిగువనున్న తంగ్‌మర్గ్ నుంచి పైకి చైన్లు కట్టిన బండ్లే కదులుతాయి, శ్రీనగర్ విమానాలూ రద్దవుతాయి. అందుకే తిరుగు రైలుకూ విమానానికీ మధ్య ఒక రోజు ఖాళీగా వదలండి.