బరోక్ ఆరియా వినడం నేర్చుకుందాం – 5వ పాఠం: సభను వినడం

గడచిన నాలుగు పాఠాలలో బరోక్ ఆరియా (పదిహేడు, పద్ధెనిమిదో శతాబ్దాల ఐరోపా సంగీత నాటకమైన ఒపేరాలో ఒకరే పాడే పాట) వింటూ, మనం చెవిని పూర్తిగా గాయనికే అప్పగించాం. ఆమె ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నది, ఏ అక్షరాన్ని సాగదీస్తున్నది, రెసిటేటివ్ అనే మాటల పాట ముగిసి అసలు ఆరియా ఎక్కడ మొదలవుతున్నది, మొదటి భాగం తిరిగి వచ్చినప్పుడు కొత్తగా ఏమి చేరుతున్నది అన్నవి గుర్తుపట్టడం సాధన చేశాం. ఈ పాఠంలో అదే చెవిని వేదిక మీది నుంచి హాలు వైపుకు తిప్పుతాం. ఒక సొప్రానో (హెచ్చు స్థాయి గొంతు గల గాయని) ఆరియా పాడుతుండగా శ్రోతలు ఎక్కడ స్పందించారు, ఏ విధంగా స్పందించారు, సరిగ్గా అక్కడే ఎందుకు స్పందించారు అన్నది విని, దానిని నాలుగు వాక్యాలలో నమ్మకంగా రాయగలగడం ఈ వారం మనం నేర్చుకోవలసిన పని.

ఇది పాటకు బయటి విషయమని ఎవరైనా అనుకుంటే, ఆ అభిప్రాయాన్ని ముందుగా పక్కన పెట్టాలి. పద్ధెనిమిదో శతాబ్దపు ఒపేరాలో చాలా ఆరియాల చివర పాత్ర వేదిక విడిచి వెళ్లిపోతుంది. కథ అంతవరకు రెసిటేటివ్‌లో నడిచి, ఆరియాలో ఒక్క ఉద్వేగం దగ్గర నిలబడి, గాయని లోపలికి వెళ్లగానే చప్పట్లకు చోటు దొరికేలా ఆ నాటకాలను కట్టారు. సంగీతకర్త సభ కోసం ఖాళీ వదిలి రాశాడు కనుక, ఆ ఖాళీలో ఏమి జరిగిందో వినకపోతే రచనలో ఒక భాగాన్ని వినకుండా వదిలేసినట్టే అవుతుంది.

ఈ పాఠానికి, లండన్‌లో స్థిరపడిన జర్మన్ సంగీతకర్త హాండెల్ ఒపేరా 'జూలియో చెజారె' (జూలియస్ సీజర్)లోని 'పియాంజెరో' అనే ఆరియాను తీసుకుందాం. ఈ ఒపేరా 1724 ఫిబ్రవరి 20న లండన్‌లోని హేమార్కెట్ వీధిలో ఉన్న కింగ్స్ థియేటర్‌లో మొదటిసారి ప్రదర్శితమైంది. క్లియోపాత్రా పాత్రను ఫ్రాంచెస్కా కుజోని అనే ఇటలీ సొప్రానో పాడింది. ఆరియా మూడో అంకంలో వస్తుంది. తమ్ముడు టోలొమేయో సేనల చేతిలో ఓడి బందీగా ఉన్న క్లియోపాత్రా, తాను ప్రేమించిన సీజర్ చనిపోయి ఉంటాడని భయపడుతూ, ఒక్క రోజులోనే వైభవమూ గొప్పతనమూ పోయాయా అని వాపోయి, ఆ తరువాత ఈ పాట అందుకుంటుంది. మొదటి భాగం మాటలకు అర్థం ఇది: ఒంట్లో ప్రాణం ఉన్నంతకాలం, ఇంత క్రూరమైన నా తలరాతకు ఏడుస్తాను. రెండో భాగంలో మాట ఒక్కసారిగా మారిపోతుంది: చచ్చాక మాత్రం దయ్యమై, ఆ దుర్మార్గుణ్ణి రేయింబవళ్లు అన్ని వైపుల నుంచి పీడిస్తాను. మొదటిది నెమ్మదిగా నడిచే విలాపం, రెండోది వేగంగా దూసుకుపోయే కోపం. ఆ కోపం ముగిశాక, దా కాపో (మొదటి నుంచి) అన్న ఆదేశం ప్రకారం మొదటి భాగం మళ్లీ వస్తుంది.

కృతులు విన్న మన పాఠకులకు ఈ నిర్మాణం కొత్తదిగా అనిపించదు. చరణం అయ్యాక పల్లవికి తిరిగి రావడం, వచ్చిన ప్రతిసారీ అదే సాహిత్యాన్ని మరో సంగతితో పాడడం మనకు పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతే. కాని ఒక తేడాను మరిచిపోకూడదు. కృతిలో పల్లవి అనేకసార్లు తిరిగి వస్తుంది, ఆరియాలో మొదటి భాగం తిరిగి రావడం ఒక్కసారే. అందుచేత సభ ఎదురుచూపంతా ఆ ఒక్క రాక మీదే నిలుస్తుంది. 1723లో ఇటలీ గానగురువు తోసి తన గ్రంథంలో దీనికి స్పష్టమైన సూత్రం చెప్పాడు. మొదటి భాగంలో అలంకారాలు తక్కువగా, సాదాగా ఉండాలి, రెండో భాగంలో కొంచెం నేర్పు చూపవచ్చు, మొదటి భాగం తిరిగి వచ్చినప్పుడు మాత్రం దానిని ఇంకా మెరుగ్గా మార్చి పాడలేనివాడు గొప్ప గాయకుడు కాడు అన్నది ఆ సూత్రం సారాంశం. అంటే ఆనాటి శ్రోత, ఇప్పుడేం చేస్తుందో చూద్దాం అనే కుతూహలంతోనే ఆ మలుపు దగ్గర కూర్చునేవాడు.

ఆ శ్రోత ఎలా కూర్చునేవాడో కూడా ఊహించుకోవాలి. ఆ థియేటర్‌లో ప్రదర్శన జరుగుతున్నంతసేపూ హాలులో కొవ్వొత్తులు వెలుగుతూనే ఉండేవి. ఇటాలియన్ మాటలూ వాటి ఎదుట ఇంగ్లిషు అనువాదమూ అచ్చువేసిన చిన్న పుస్తకం కొనుక్కుని, ఆ వెలుతురులో చదువుకుంటూ పాట వినేవారు. ఒకరికొకరు కనిపించే హాలులో స్పందన కూడా ఒకరిని చూసి మరొకరికి పాకుతుంది. నేటి చీకటి హాలులో శ్రోత ఒంటరి, నాటి శ్రోత సభలో సభ్యుడు. పాత వృత్తాంతాలలోని కేకలను, ఈలలను చదివేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి.

కుజోని లండన్‌లో తొలిసారి పాడింది 1723 జనవరి 12న, హాండెల్ ఒపేరా 'ఒత్తోనె'లో. అందులో ఆమె మొదటి ఆరియా 'ఫాల్సా ఇమ్మాజినె' చాలా సాదాగా ఉందని, తన విద్య చూపించుకునే అవకాశం అందులో లేదని ఆమె పాడనన్నదట. ఆమెను నడుము పట్టి ఎత్తి కిటికీలోంచి పారేస్తానని హాండెల్ బెదిరించాడని 1760లో వెలువడిన ఆయన తొలి జీవితచరిత్ర చెబుతుంది. ఆ బెదిరింపు కథ ఎంతవరకు నిజమైనా, ఫలితం మాత్రం నిజం. ఆ సాదా పాటే ఆమెకు లండన్‌లో పేరు తెచ్చింది. అర గినీ (గినీ అంటే ఆనాటి ఇంగ్లండు బంగారు నాణెం) టిక్కెట్టు రెండు మూడు గినీలకు చేతులు మారిందని ఆ రోజుల ఉత్తరం ఒకటి చెబుతున్నది. మరొక సందర్భంలో ఆమె పాడుతుండగా పైన గ్యాలరీలో కూర్చున్న ఒక మనిషి, ఈమె కడుపులో నైటింగేల్ పిట్టల గూడు ఉంది అని తిట్టుతో కలిపి అరిచాడని సంగీత చరిత్రకారుడు చార్లెస్ బర్నీ నమోదు చేశాడు. ఆ ఒక్క కేకను నేను ఎన్నో పొగడ్త వ్యాసాల కంటే విలువైనదిగా చూస్తాను. ఆ మనిషికి సంగీత పరిభాష తెలియదు, కాని గొంతులోని వణుకూ తీపీ కలిసిన ఆ ట్రిల్‌ను (పక్కపక్కనున్న రెండు స్వరాలను వేగంగా మార్చి మార్చి పాడడాన్ని) అతను సరిగ్గా పట్టుకుని, తనకు తెలిసిన పిట్టతో చెప్పాడు. శ్రోత స్పందన అంటే ఇదే. తనకు తెలిసిన మాటలో, ఆపుకోలేక చెప్పడం.

ఇక వినవలసిన చోట్లకు వద్దాం. రెసిటేటివ్ ముగిసి ఆరియా మొదలయ్యే క్షణంలో హాలు సర్దుకుంటుంది. దగ్గులు, కుర్చీల కిర్రులు, పేజీలు తిప్పే చప్పుడు అక్కడే ఎక్కువగా వినిపిస్తాయి, ఎందుకంటే రాబోయే ఆరేడు నిమిషాలు కదలకూడదని శ్రోతలకు తెలుసు. మొదటి భాగం సాగుతుండగా పెద్దగా వినడానికి ఏమీ ఉండదు. ఉండకపోవడమే మంచి గుర్తు. రెండో భాగంలో వేగం పెరిగినప్పుడు సభలో ఊపిరి మారుతుంది, కొత్తవారు అది పూర్తికాగానే పాట అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టడం కూడా జరుగుతుంది. అటువంటి తొందరపాటు చప్పట్లను తప్పుగా కొట్టిపారేయకండి. కోపం ఎంత బలంగా పాడితే సభ మోసపోయిందో అవి చెబుతాయి.

అసలు చోటు ఆ తరువాతిది. కోపం ఆగి, విలాపం తిరిగి మొదలయ్యే ముందున్న చిన్న విరామం. కొన్నేళ్ల క్రితం ఒక చిన్న హాలులో ఈ ఆరియాను ప్రత్యక్షంగా విన్నాను. నా ముందు వరుసలో ఒక పెద్దాయన మాటల కాగితం మోకాళ్ల మీద పరిచి, వేలితో పంక్తి పంక్తీ అనుసరిస్తున్నారు. రెండో భాగం అయ్యేవరకు ఆ వేలు ఆగలేదు. మొదటి భాగం తిరిగి రాబోతుండగా ఆయన కళ్లద్దాలు తీసి, మడిచి, కాగితం మీద పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. మాటలు ఇక ఆయనకు అవసరం లేదు, అవి తెలిసినవే. గాయని మొదటి మాటను ఇంతకు ముందు కంటే సగం గొంతుతో, దాదాపు ఊపిరితో అందుకున్నప్పుడు ఆయన తల కొద్దిగా వంగింది. అక్కడ చప్పుడేమీ లేదు, రికార్డింగులో అది దొరకదు. కాని ఆ రాత్రి ఆ హాలులో పాటకు లభించిన అత్యంత నిండైన స్పందన అదేనని నేను ఇప్పటికీ అనుకుంటాను.

ఆఖరి స్వరం తరువాత వచ్చేది చప్పట్లు కావు, చప్పట్లకు ముందున్న నిశ్శబ్దం. దానిని గడియారం చూసి కొలవండి. విలాపం తరువాత రెండు మూడు సెకన్లు సభ కదలకపోతే, ఆ గాయని వాళ్లను పాటలోనే ఉంచేసిందని అర్థం. గాయని ఆపాక ఆర్కెస్ట్రా వాయించే ముగింపు భాగం పూర్తికాకుండానే చప్పట్లు మొదలైతే, సభ పాటను కాక గొంతును మెచ్చిందని నేను అనుకుంటాను, ఇందులో నాతో విభేదించేవారు ఉండవచ్చు. చప్పట్లలో కలిసి వినిపించే కేకల విషయానికొస్తే, ఇటాలియన్ పద్ధతిలో స్త్రీని బ్రావా అని, పురుషుణ్ణి బ్రావో అని, అందరినీ కలిపి బ్రావి అని మెచ్చుకుంటారు. బిస్ అంటే మళ్లీ పాడమని. మన పౌరాణిక పద్యనాటకాలలో రాగం తీసిన నటుణ్ణి జనం వన్స్‌మోర్ అని ఆపి, అదే పద్యం మళ్లీ పాడించుకున్న రాత్రులు చూసినవారికి ఈ కోరిక వెంటనే అర్థమవుతుంది. కథ ఆగినా ఫరవాలేదు, ఆ రాగం మళ్లీ కావాలి అనే ఆకలి రెండు చోట్లా ఒకటే.

అయితే ఒక జాగ్రత్త తప్పనిసరి. సభ ఎల్లప్పుడూ పాటకే స్పందించదు. 1726లో ఫౌస్తీనా బోర్దోని అనే మరో ఇటలీ గాయని లండన్ చేరాక, కుజోని అభిమానులు, ఫౌస్తీనా అభిమానులు రెండు పక్షాలుగా చీలిపోయారు. 1727 జూన్ 6న బొనొంచీని ఒపేరా 'అస్తియనాత్తె' ప్రదర్శనలో, యువరాణి కారొలైన్ సమక్షంలోనే, ఒక పక్షం చప్పట్లు కొడితే మరొక పక్షం ఈలలూ బుసలూ వేసి గందరగోళం చేసింది. ఇద్దరు గాయనులూ వేదిక మీదే జుట్లు పట్టుకున్నారని ఆనాటి కరపత్రాలు రాశాయి కాని, నేటి పరిశోధకులు దానిని నమ్మడం లేదు. కొట్లాట జరిగింది శ్రోతల మధ్య. ఆ రాత్రి చప్పట్లను బట్టి ఎవరు బాగా పాడారో ఎవరూ చెప్పలేరు. అదే సంవత్సరం లండన్‌లో కుజోనిని విన్న వేణువిద్వాంసుడు క్వాంట్జ్ మాత్రం ఆమె గొంతు స్వచ్ఛతను, ట్రిల్‌ను మెచ్చుకుంటూ, మృదువైన, హృదయాన్ని తాకే భావంతో శ్రోతలను గెలుచుకునేదని, నటనలో కొంత చల్లదనం ఉండేదని విడివిడిగా చెప్పాడు. ఏది గొంతుకు, ఏది రూపానికి, ఏది భావానికి వచ్చిన స్పందనో అతను విడదీయగలిగాడు. మనం అలవరచుకోవలసిన చూపు అది.

రాసేటప్పుడు ఎదురయ్యే పెద్ద అడ్డంకి మన పత్రికలు మనకు అలవాటు చేసిన పడికట్టు మాటలు. శ్రోతలు మంత్రముగ్ధులయ్యారు, కరతాళధ్వనులతో సభ మారుమోగింది, సంగీత సాగరంలో ఓలలాడారు అని రాస్తే, ఏ కచేరీకైనా అతికే వాక్యం తయారవుతుంది, ఆ సాయంత్రం గురించి మాత్రం ఏమీ తెలియదు. దానికి బదులు నా నోటుపుస్తకంలోంచి ఒక నమూనా చూడండి: 'మొదటి భాగంలో రెండు దగ్గులు, రెండూ ఎడమ వైపు నుంచి. కోపం ముగిశాక ఒక్కరే చప్పట్లు కొట్టబోయి ఆపుకున్నారు. తిరిగి వచ్చినప్పుడు ప్రాణం అన్న అర్థం ఉన్న చోట గాయని స్వరాన్ని సన్నగా చేసి నిలిపింది, అక్కడి నుంచి దగ్గు లేదు. ఆఖరి స్వరం తరువాత మూడు సెకన్లు. మొదటి బ్రావా పై అంతస్తు నుంచి.' ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు. కాని చదివినవారికి ఆ సభ ఎలా విన్నదో తెలుస్తుంది.

ఈ వారం అభ్యాసం కోసం 'పియాంజెరో' ప్రత్యక్ష ప్రదర్శన రికార్డింగును ఎంచుకోండి. స్టూడియో రికార్డింగు ఈ పనికి పనికిరాదు. ప్రత్యక్ష రికార్డింగులలో కూడా కొన్నిసార్లు చప్పట్లను కత్తిరిస్తారు, తగ్గిస్తారు. చప్పట్ల శబ్దం ఉన్నట్టుండి మాయమైతే అది కత్తెర పని అని గుర్తించి, అక్కడి నుంచి ఏ నిర్ణయమూ చేయకండి. మొదటిసారి కళ్లు మూసుకుని పాటను మాత్రమే వినండి. రెండోసారి హెడ్‌ఫోన్ పెట్టుకుని, పాటను వెనక్కి నెట్టి, హాలును మాత్రమే వినే ప్రయత్నం చేయండి. ఇది మొదట్లో కష్టంగా ఉంటుంది, రెండు మూడు రోజులు పడుతుంది. మూడోసారి వింటూ, ప్రతి చప్పుడుకూ నిమిషం, సెకను వేసి, అప్పుడు గాయని ఏ మాట మీద ఉందో పక్కన రాయండి. నిశ్శబ్దం మొదలైన చోటును కూడా చప్పుడులాగే నమోదు చేయండి. ఆ తరువాత మీ నాలుగు వాక్యాలు రాసి, అందులో ఏ వాక్యం వేరే కచేరీకి కూడా అతుకుతుందో చూసి, దానిని కొట్టేసి మళ్లీ రాయండి.

ఆరో పాఠంలో ఇదే క్లియోపాత్రా, సీజర్ బతికి వచ్చాక సంతోషంతో పాడే 'దా తెంపెస్తె' ఆరియాను వింటాం. అక్కడ స్వరాలు పరుగెడతాయి, సభ కూడా వేరే విధంగా ప్రవర్తిస్తుంది. ఆ పాఠంలో పోల్చడానికి ఈ వారం రాసిన కాగితం కావాలి, దాచి ఉంచండి.